చెరసాల నుంచి ప్రదర్శనశాలకు: సంగారెడ్డి పాత జైలు భవనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒక భవనం ఉపయోగం మారినప్పుడు దాని జ్ఞాపకం ఎవరి పక్షాన నిలుస్తుందనే ప్రశ్నను సంగారెడ్డి పాత జిల్లా జైలు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సంగారెడ్డి, జైలు, ప్రదర్శనశాల, జైలు సాహిత్యం, వట్టికోట ఆళ్వారుస్వామి.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి పాత జైలు నిజాం అలీఖాన్ పాలనాకాలంలో, 1796లో నిర్మితమైంది. జెరెమీ బెంథామ్ తన ఆదర్శ కారాగార నమూనాను ప్రకటించింది 1791లో. బ్రిటిషిండియాలో జైళ్ల క్రమశిక్షణపై వేసిన సంఘం నివేదిక సమర్పించింది 1838లో. అంటే ఆధునిక కారాగార వ్యవస్థ ఈ దేశంలో స్థిరపడకముందే ఈ గోడలు లేచాయి. జిల్లా జైలు కంది గ్రామంలోని కొత్త భవనాలకు తరలిన తరువాత ఈ కట్టడం ఖాళీ అయింది. 2016లో జైళ్ల శాఖ దీన్ని ప్రదర్శనశాలగా మార్చింది.

2. అనుభవం – అమ్మకం

అదే సంవత్సరం ప్రవేశపెట్టిన ‘ఫీల్ ది జైల్’ పథకం ఈ భవనానికి దేశవ్యాప్త ప్రచారం తెచ్చింది. అప్పట్లో 500 రూపాయలు చెల్లించిన సందర్శకుడు 24 గంటలు గదిలో ఉండే వీలుండేది. ఖద్దరు దుస్తులు, స్టీలు పళ్లెం, గ్లాసు, సబ్బు ఇచ్చేవారు. జైలు నియమావళి ప్రకారమే భోజనం ఉండేది. తన గదిని తానే శుభ్రం చేసుకోవాల్సి ఉండేది. పట్నం నుంచి పటాన్‌చెరు మీదుగా గంటన్నరలో చేరుకోగల చోటు కనుక విహారానికీ అనువైనదే.

ఈ పథకం ఖైదు బాహ్యరూపాన్ని అనుకరించింది, సారాన్ని స్పృశించలేదు. ఖైదు అంటే గరుకు దుస్తులు కాదు, తలుపు తన చేతిలో లేకపోవడం. 2022 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీల్లో సుమారు నాలుగింట మూడువంతుల మంది విచారణలో ఉన్నవారే. విడుదల ఎప్పుడో వారికి తెలియదు. సందర్శకుడికి మాత్రం గడియారంతో సహా తెలుసు. తెలిసిన గడువు ఉన్న నిర్బంధం ఒక రకమైన విడిది మాత్రమే.

3. వీరులు లేని జైలు

అండమాన్ సెల్యులర్ జైలు 1979లో జాతీయ స్మారకమైంది. నిజామాబాదు ఖిల్లా జైలును దాశరథి కృష్ణమాచార్య, ఆళ్వారుస్వామి నిర్బంధ జీవితం చిరస్మరణీయం చేసింది. ఈ రెండుచోట్లా పోరాట చరిత్రే భవనానికి అర్థాన్నిచ్చింది. సంగారెడ్డికి అటువంటి ప్రసిద్ధ కథనం లేదు. జిల్లా జైలు ప్రధానంగా చిల్లర దొంగలకు, భూతగాదాల్లో చిక్కినవారికి, పూచీకత్తు దొరకని పేదలకు నెలవు. వీరగాథ లేని చోట వినోదం ఆ ఖాళీని నింపిందన్నదే ఇక్కడి ప్రధాన విమర్శ.

అయితే ఈ సామాన్య ఖైదీ తెలుగు సాహిత్యానికి అపరిచితుడు కాడు. ‘జైలు లోపల’ కథల్లో ఆళ్వారుస్వామి తన రాజకీయ నిర్బంధాన్ని కేంద్రం చేసుకోలేదు; తోటి నేరస్థుల వైపు దృష్టి మరల్చాడు. నేరం వెనుక ఉన్న పరిస్థితిని విన్నాడు. ‘పతితుని హృదయం’ అనే శీర్షికే ఆ దృక్పథానికి సాక్ష్యం. ప్రదర్శనశాల సందర్శకుణ్ణి ఖైదీ స్థానంలో కూర్చోబెట్టింది. ఆళ్వారుస్వామి పాఠకుణ్ణి ఖైదీ పక్కన కూర్చోబెట్టాడు. మొదటిదానిలో ఖైదీ మాయమవుతాడు, రెండవదానిలో మాట్లాడతాడు.

4. ముగింపు

ఈ పథకానికి ఒక మేలు లేకపోలేదు: ఖాళీగా పడివున్న పాత కట్టడం వైపు అది జనం దృష్టిని మళ్లించింది. పరిరక్షణకు ఆదాయమూ అవసరమే. కాని గోడలను కాపాడటం, జ్ఞాపకాన్ని కాపాడటం ఒకటి కావు. పాత రికార్డులను పేర్లు గోప్యంగా ఉంచి అధ్యయనం చేయడం, విడుదలైనవారి, కాపలాదారుల మౌఖిక కథనాలను సేకరించడం, ఒక గదిలోనైనా తెలుగు జైలు సాహిత్యాన్ని చదువుకునే వీలు కల్పించడం ఆ దిశలో సాధ్యమైన పనులు. స్థానిక కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు ఇందుకు పూనుకోవచ్చు. శతాబ్దాలపాటు మాట్లాడే అవకాశం లేనివారిని ఉంచిన భవనం, తలుపులు తెరిచాక కూడా వారి గొంతు వినిపించకపోతే ఆ మార్పు అసంపూర్ణమే.