‘నకరాలు’ : అర్థవిచారము

స్వల్పకారణమునకు మితిమీరిన అలుకనో, ఏడుపునో, బెట్టునో చూపువారిని గూర్చి ‘నకరాలు చేయుచున్నారు’ అనుట తెలంగాణమున సుపరిచితమైన వాడుక. దీని మూలమును, అర్థమును విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

‘నఖరాలు’ అనియు వ్రాయుదురు గనుక, గోరు అను అర్థముగల సంస్కృత ‘నఖర’ శబ్దమే మూలమని తోచవచ్చును. అది రూపసామ్యము మాత్రమే. గోటికిని బెట్టునకును అర్థసంబంధము లేదు. పారసీకమునుండి ఉర్దూలోనికి వచ్చిన ‘నఖ్రా’ దీనికి మూలము. కపటవిలాసము, వగలు, బెట్టు దాని అర్థములు. మరాఠీలోను ‘నఖరా’ కలదు. ‘ఫిక్ర్’ ‘ఫికరు’ అయినట్లు స్వరభక్తిచే సంయుక్తము విడిపోయినది. ‘ఖర్చు’ ‘కర్చు’ అయినట్లు మహాప్రాణము అల్పప్రాణమైనది. ఇంతకంటె బలవత్తరమైన సాక్ష్యము బహువచనము. ఉర్దూవారి ‘నఖ్రే కర్నా’యే మన ‘నకరాలు చేయు’. అనగా మనవారు పదమునే కాక పలుకుబడినే గ్రహించిరి. ఇట్టి గ్రహణము గ్రంథములవలన గాక ఇరుగుపొరుగువలన కలుగును. హైదరాబాదు పాతనగరమున ధూల్‌పేట్ ఇందులకు తగిన నిదర్శనము. ఉత్తరదేశమునుండి వచ్చి స్థిరపడిన లోధుల హిందీయు, దక్కనీ ఉర్దూయు, తెలుగును అచట వినాయక విగ్రహముల బేరములయందు సైతము కలిసి వినవచ్చుచుండును.

ఇక అర్థము. ‘హంగామా’ అనునది సందడిని, ‘అతి చేయు’ అనునది హద్దుమీరుటను తెలుపును. ఈ రెండును భావము సత్యమా కాదా అని ప్రశ్నింపవు. ‘నకరాలు’ మాత్రము భావము కృత్రిమమని తీర్పు చెప్పును. లోన ఇష్టమున్నను పైకి కోపము నటించుటను నాట్యశాస్త్రము ‘కుట్టమితము’ అని స్త్రీల స్వాభావికాలంకారములు పదింటిలో చేర్చినది. నఖ్రా దీనికి మిక్కిలి సన్నిహితము. శాస్త్రమున భూషణమైనది బజారున దూషణమైనది.

కావున ఈ పదమునకు ‘అత్యావేశము’ అని మాత్రమే అర్థము వ్రాయుట చాలదు. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ కోపమునకు నిమిత్తము ఒక్క పువ్వు. కృష్ణుడు రుక్మిణికి దానిని ఇచ్చెనని విని ఆమె పడిన వేదన అతియని వాదింపవచ్చును, నకరాలనుట పొసగదు. అభిమానభంగమువలన కలిగిన ఆ దుఃఖము నటన కాదు. నటనయని తలచినచో కావ్యరసమే చెడును.

పదసేకరణము చేయువారు ఈ మాటను ఎవరు, ఎవరిని గూర్చి అనుచున్నారో కూడ గుర్తింపవలెను. నిజమైన నొప్పితో ఏడ్చు బిడ్డను ‘నకరాలు చేయకు’ అని పెద్దలు గద్దించినపుడు, ఆ మాట దుఃఖమును వర్ణించుట లేదు. దుఃఖమే లేదని కొట్టివేయుచున్నది.