అట్ట మీద తీర్పు

బిలాస్‌పూర్ స్టేషన్‌లో దిగితే తెలుగు మాట చెవిన పడడానికి ఎక్కువసేపు పట్టదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్ చేసింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తవడంతో ఉత్తరాంధ్ర పల్లెలకు ఇక్కడి రైల్వే కాలనీ దగ్గరైంది. పనికోసం వచ్చినవాళ్లు క్వార్టర్లలో కాపురం పెట్టారు, పిల్లలు హిందీలో చదువుకున్నారు, ఇంట్లో మాత్రం తెలుగు నిలిచింది. 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వే ప్రారంభమైనప్పుడు దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే పెట్టారు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూరే అయినా, రాష్ట్రం పుట్టిన 2000 నవంబర్ 1 నుంచి హైకోర్టు మాత్రం బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఈ రాష్ట్రంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా దాని కాగితాలు ఏదో ఒకరోజు ఈ ఊరు చేరతాయి. నేరం మీద పుస్తకాలకు అట్టలు వేసే చిత్రకారుడు పని నేర్చుకోదలిస్తే ఇంతకు మించిన బడి లేదు.

నేరమంటే మన తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పాకెట్ నవల. కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు రైల్వే ప్లాట్‌ఫారాల మీద అమ్ముడుపోయిన రోజుల తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ వచ్చాడు, మధుబాబు షాడో వచ్చాడు. రైలు ఆగే రెండు నిమిషాల్లో, కిటికీ ఊచల్లోంచి చూసేవాడి చేత జేబులో చెయ్యి పెట్టించాలి. ఆ అట్టల పని అంతవరకే. గురిపెట్టిన పిస్తోలు, టోపీ కింద నీడలో సగం మొహం, కెవ్వుమన్న ఆడమనిషి, నెత్తురు కారుతున్నట్టు రాసిన అక్షరాలు. వాటిని చూసి మొహం చిట్లించే పెద్దమనుషులతో నాకు పేచీ ఉంది. చాలా పరిమితుల్లో చేసిన పని అది. బ్లాకు ముద్రణ రోజుల్లో రంగు పెరిగితే బ్లాకు పెరిగేది, కాగితం మెషిన్‌లోకి ఇంకోసారి వెళ్లాల్సి వచ్చేది, ఖర్చు ఎక్కువయ్యేది. అందుకే చవక పుస్తకానికి నలుపూ ఎరుపూ తప్ప దిక్కులేదు. కాగితం తెలుపును మూడో రంగుగా వాడుకుంటూ వీధి దీపాన్నీ, కత్తి మెరుపునూ ఆ తెలుపులోంచే తీశారు. నేర సాహిత్యానికి ఎరుపు అంటుకోవడానికి నెత్తుటితో పాటు ప్రెస్సు బిల్లు కూడా కారణమే.

అయితే యుగంధర్ కథలో చచ్చిపోయినవాడికి తల్లి లేదు, పెళ్లాం లేదు, ఊరు లేదు. అట్ట మీద వాణ్ణి ఎలా పడుకోబెట్టినా అడిగేవాడు లేడు. నిజంగా జరిగిన నేరం మీద పుస్తకమైతే సంగతి వేరు. ఆ పుస్తకం బిలాస్‌పూర్ స్టేషన్ స్టాల్లో వేలాడుతుంటే ఎదురుగా బెంచీ మీద ఆ చనిపోయిన మనిషి అన్నదమ్ముడు కూర్చుని ఉండొచ్చు. పైగా నవల అట్ట అబద్ధం చెబితే ఆఖరి పేజీలో అసలు దొంగ దొరుకుతాడు కాబట్టి చదివినవాడు నవ్వుకుంటాడు. నిజ నేరం పుస్తకాన్ని అందరూ కొనరు, కొన్నవాళ్లందరూ చదవరు, కానీ దారిన పోయేవాళ్లందరూ అట్టను చూస్తారు. వాళ్లకు ఆ అట్టే కేసు, ఆ అట్టే తీర్పు. చిత్రకారుడు రచయితతో సమానంగా కాగితాలు చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ మాటకు ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. 1959 నవంబర్‌లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో నలుగురిని ఇంట్లోనే చంపేశారు. దాని మీద ట్రూమన్ కపోటి రాసిన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ 1966లో పుస్తకంగా వచ్చింది. అట్ట వేసినవాడు నీల్ ఫుజిటా. తుపాకీ లేదు, శవం లేదు, ఇల్లు లేదు. పొడవాటి పిన్ను ఒకటి, దాని తలగా ఒక నెత్తుటి చుక్క. మొదట ఆ చుక్క నిగనిగలాడే ఎరుపు. కపోటి ఒప్పుకోలేదు. ఈ చావు కొత్తది కాదు కదా, అంత తాజా ఎరుపు ఎలా కుదురుతుందన్నాడు. ఫుజిటా ఎరుపును ముదురు చేసి, చుట్టూ నల్లటి అంచు కట్టాడు. నేరం జరిగి ఆరేళ్లు దాటింది, దోషులిద్దరినీ 1965 ఏప్రిల్‌లో ఉరితీశారు కూడా. ఆ కాలమంతా ఒక్క చుక్క రంగులోకి వచ్చేసింది. తేదీలు తెలిస్తేనే తట్టే ఆలోచన అది.

మరి చదవాల్సిన కాగితాలేమిటి? ఛత్తీస్‌గఢ్ పోలీసు కాగితాలకు తమ భాష ఉంది. ఘటన చోటే రాసుకున్న ఫిర్యాదు ‘దేహాతీ నాలిశీ’, అనుమానాస్పద మరణాన్ని నమోదు చేస్తే ‘మర్గ్’, స్వాధీనం చేసుకున్న వస్తువుల పట్టీ ‘జప్తీ పత్రక్’, ఘటనాస్థలం చిత్తు పటం ‘నజరీ నక్షా’. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది, సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. తీర్పులు ఎవరైనా చదువుకోవచ్చు. కేసు డైరీ మాత్రం బయటివాళ్ల చేతికి రాదు. మిగతా కాగితాలు రచయిత దగ్గర ఎలాగూ ఉంటాయి, అడిగి తీసుకోవాలి.

వీటిలో నా ఓటు నజరీ నక్షాకే. తలుపు ఎటుంది, కిటికీ ఎటుంది, దీపం ఎక్కడుంది, మనిషి ఏ వైపు తలపెట్టి పడుకున్నాడు, ఇవన్నీ వంకర గీతల్లో ఉంటాయి. బొమ్మ గీయడం తెలియని కానిస్టేబుల్ గీసిన ఆ పటంలో నాటకం ఉండదు, అందుకే నమ్మొచ్చు. జప్తీ పట్టీ మరోలా పనికొస్తుంది. చెప్పుల జత, టిఫిన్ డబ్బా, బస్సు టికెట్టు అని వరసగా రాసుకుపోతారు. మనిషి బతికి ఉండగా వాడిన వస్తువులు అవి. అట్ట మీద శవం బదులు చెప్పుల జత వేసిన చిత్రకారుడు ఎక్కువే చెప్పినట్టు. కాకపోతే ఇప్పుడు ప్రతివాడూ చెప్పులే వేస్తున్నాడు, అదీ అరిగిపోయింది.

బిలాస్‌పూర్ నుంచి రైల్లో రాయపూర్ దాటితే భిలాయి వస్తుంది. ఉక్కు కర్మాగారం పుణ్యమా అని తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ ఊరు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని అక్కడే కాల్చి చంపారు. నిద్రలో ఉన్న మనిషిని కిటికీలోంచి కాల్చారు. ఈ కేసు మీద పుస్తకానికి అట్ట వెయ్యమంటే పాకెట్ నవలల అలవాటున్న చెయ్యి ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరినీ, మధ్యలో తుపాకీనీ గీస్తుంది. నక్షా చూసిన చెయ్యి కిటికీ గీస్తుంది. రంగు దగ్గర ఇంకా పెద్ద చిక్కు. నియోగి నడిపిన ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా జెండా ఎరుపూ ఆకుపచ్చా. ఎరుపు కార్మికులది, ఆకుపచ్చ రైతులది. దల్లీ రాజహరా గనుల కార్మికుడికి ఆ ఎరుపు తన జెండా రంగు, తన సంఘం రంగు. అదే ఎరుపును తెలియనివాడు నెత్తురుగా కార్చేస్తే పుస్తకం ఎవరి గురించో వాళ్లే చేతిలోకి తీసుకోరు. పచ్చను పక్కన పెట్టగానే ఎరుపు అర్థం మారిపోతుంది. ఈ సంగతి ఏ రంగుల పట్టికా చెప్పదు, ఆ ఊరు వెళ్లి గోడలు చూసొస్తే తెలుస్తుంది.

ఇక తీర్పులు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా పలువురికి శిక్ష వేసింది. 1998లో మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చినవాడు ఒక్కడికే యావజ్జీవం ఖరారు చేసి, మిగతావాళ్ల విడుదలను సమర్థించింది. 1997లో ఆ నిందితుల మొహాలతో అట్ట వేసిన పుస్తకం ఉండి ఉంటే మరుసటి ఏడాదికి దాన్ని ఏం చేయాలి? లోపలి పేజీలకు అనుబంధం చేర్చవచ్చు, కొత్త ముందుమాట రాయవచ్చు. అమ్ముడుపోయిన అట్టను వెనక్కి పిలిపించలేం. మన చుండూరులోనూ ఇంతే జరిగింది. 1991 ఆగస్టు 6 నాటి దళితుల హత్యాకాండకు 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. చనిపోయినవాళ్లు మాత్రం చనిపోయినట్టే ఉన్నారు. అట్ట మీద వాళ్ల తరఫున నిలబడవచ్చు, నిందితుడి మెడకు ఉరి వేయడానికి చిత్రకారుడికి హక్కు లేదు.

అసలు పరీక్ష బిలాస్‌పూర్ పొలిమేరల్లోనే ఉంది. 2014 నవంబర్ 8న తఖత్‌పూర్ వైపు పెండారీ గ్రామంలో, మూతపడ్డ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టింది. కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదని ప్రభుత్వ నియమమే ఉంది. రోజుల వ్యవధిలో పదిమందికి పైగా చనిపోయారు. పేదింటి ఆడవాళ్లు, చాలామంది చంటిపిల్లల తల్లులు. ఆపరేషనే చంపిందా, తర్వాత ఇచ్చిన మాత్రల్లో విషం కలిసిందా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఈ ఉదంతం కూడా చేరిన దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు, ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో పూర్తిగా ఆపేయాలని చెప్పింది.

దీని మీద పుస్తకానికి అట్ట ఏది? కత్తి వేస్తే డాక్టరే హంతకుడని చెప్పినట్టు. మాత్రల పట్టీ వేస్తే కంపెనీని బోనెక్కించినట్టు. ఏడుస్తున్న పసిబిడ్డను వేస్తే కన్నీళ్లతో ప్రశ్నను తుడిచేసినట్టు, అది మరీ అన్యాయం. తెల్లచీర కప్పిన దేహాల వరస ఏ పేపర్లోనైనా దొరికే ఫొటో. శిబిరం పెట్టాల్సి రావడం, లెక్క నింపాల్సి రావడం, వచ్చినవాళ్లకు డబ్బు ఆశ చూపడం, వీటన్నిటి వెనక ఉన్నది టార్గెట్. దానికి మొహం లేదు. నన్నడిగితే రూళ్లు గీసిన సర్కారీ రిజిస్టరు పేజీ, వరస సంఖ్యలు ఒకటి నుంచి 83 వరకు, పేర్ల గడి మొత్తం ఖాళీ. నిబంధన ప్రకారం ఆగాల్సిన 30 దగ్గర ఒక సన్నని గీత. ఎవరినీ దోషిగా చూపదు, ఎవరికీ క్లీన్‌చిట్టూ ఇవ్వదు, కానీ చూసినవాడు ఆ గీత ఏమిటని అడుగుతాడు. ఇంతకన్నా మెరుగైన అట్ట ఇంకొకరికి తట్టవచ్చు. ఎవరికి తట్టినా ఆ 30 అనే అంకె తెలిసినవాళ్లకే తడుతుంది.

పేర్ల గడి ఖాళీగా ఉంచమనడంలో కొన్ని కేసుల్లో చట్టం కూడా ఉంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టకూడదని పాత శిక్షాస్మృతిలోని 228ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ చెబుతున్నాయి. ఆమె చనిపోయినా ఈ నియమం వర్తిస్తుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు రాయకపోతే సరిపోదు. ఆమె ఇల్లు పోల్చుకునేలా గీసినా, స్కూలు యూనిఫాం రంగు వేసినా తప్పే. పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఇంకా గట్టిది. అట్ట వేసేవాడు ఈ రెండూ చదవకుండా కుంచె పట్టకూడదు.

అక్షరాల సంగతి చెప్పకపోతే ఈ పని సగమే చెప్పినట్టు. తెలుగు అక్షరం పైన గుడి మోస్తుంది, కింద ఒత్తు మోస్తుంది. ‘హత్య’ అని రాస్తే చాలు, కింద చోటు కావాలి. రెండు వరసల పేరు పెడితే పై వరస ఒత్తులూ కింది వరస గుడులూ కొట్టుకుంటాయి. బాపు చేతిరాత అక్షరాలు తెలుగు అట్టలను ఎంత మార్చాయో అందరికీ తెలుసు. కానీ ఆ వంపులు, ఆ హుషారు నిజమైన చావు మీద పుస్తకానికి సరిపడవు. నెత్తురు కారే అక్షరాలు అసలే వద్దు. ఇక్కడ కావాల్సింది కోర్టు గుమాస్తా రాతలాంటి నిబ్బరమైన అక్షరం. చుట్టూ ఖాళీ వదిలి, మరీ పెద్దగా కాకుండా రాస్తే అది గొంతు తగ్గించి మాట్లాడినట్టుంటుంది. ఇప్పుడు అట్టను జనం మొదట చూసేది ఫోను తెరపై, తపాలా బిళ్లంత సైజులో. అక్కడ బొమ్మ కన్నా పేరే ముందు కనబడుతుంది కాబట్టి అక్షరం బరువు ఇంకా పెరిగింది.

నిజానికి తెలుగులో నిజ నేరాలను పట్టించుకుని రాసింది నవలాకారులకన్నా హక్కుల సంఘాలవాళ్లే అనిపిస్తుంది నాకు. కారంచేడు నుంచి చుండూరు దాకా నిజనిర్ధారణ నివేదికలు చవక కాగితం మీద, ఊరి పేరూ తేదీ పెద్దక్షరాల్లో, చాలాసార్లు బొమ్మ కూడా లేకుండా వచ్చాయి. డబ్బుల్లేక అలా వేశారు. ఇవాళ చూస్తే ఆ ఊరి పేరూ ఆ తేదీయే సరైన అట్ట అనిపిస్తుంది. మోహన్, చంద్ర లాంటి చిత్రకారులు ఉద్యమ సాహిత్యానికి అట్టలు వేసినప్పుడు ఈ పొదుపునే శైలిగా మార్చారు. రంగుల ఆఫ్‌సెట్ చవకయ్యాక మనం ఆ పొదుపు వదిలేసి మళ్లీ పిస్తోలు దగ్గరికే వెళ్లడం నాకు మింగుడుపడదు.

ప్రచురణకర్తలకు ఒక విన్నపం. నిజ నేరం మీద పుస్తకం వేస్తుంటే చిత్రకారుడికి ఫోన్లో నాలుగు వాక్యాల కథ చెప్పి ఊరుకోకండి. రాతప్రతి మొత్తం ఇవ్వండి, తీర్పు కాపీ ఇవ్వండి, జరిగిన ఊరికి వెళ్లి రావడానికి రైలు చార్జీలు ఇవ్వండి, అచ్చుకు ముందు అట్టను వకీలుకు చూపించండి. లోపలి పేజీలో ముద్రాపకుడి పేరు పక్కన అట్ట వేసినవారి పేరు కూడా వేయండి. రేపు ఆ అట్ట ఎవరినైనా అన్యాయంగా దోషిని చేస్తే అడగడానికి ఒక పేరుండాలి.