నారింజ రంగు వెనక కిటుకు

బీరువా అడుగున, పెళ్లి ఆల్బమ్ వెనక, ఇప్పటికీ ఒక్కోసారి కోనికా రీలు బయటపడుతుంది, డబ్బా కూడా విప్పకుండా. కోనికా మినోల్టా ఫొటోల వ్యాపారం మానేస్తున్నట్టు 2006లోనే ప్రకటించింది. అయినా ఆ రీలును పారేయకండి. కెమెరాలో ఎక్కించుకుని వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ కోటకు వెళ్లండి.

రాతిగోడ, పైన నీలాకాశం, కింద వరిమళ్లు, ఎర్ర దుక్కి. ఈ వెలుగంతా వచ్చి పడేది వెంట్రుక మందం కూడా లేని పూత మీద. అందులో పై పొర నీలాన్ని, మధ్య పొర ఆకుపచ్చను, అడుగు పొర ఎరుపును పట్టుకుంటాయి. వెండి లవణాలు పుట్టుకతోనే నీలానికి స్పందిస్తాయి. కింది పొరల దాకా ఆ నీలం దిగకుండా పై పొర కిందే ఒక పసుపు వడపోత పరిచి ఉంటుంది.

కడిగేటప్పుడు, వెలుగు తగిలిన లవణాన్ని డెవలపర్ వెండిగా మారుస్తుంది. ఆ పనిలో తానూ మారి, పొరలోని కప్లర్ అనే రసాయనంతో కలిసి రంగు పుట్టిస్తుంది: పై పొరలో పసుపు, మధ్యలో మెజెంటా, అడుగున సయాన్. తర్వాత వెండిని పూర్తిగా తీసేస్తారు. 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతిలో డెవలపర్ వేడి 37.8 డిగ్రీలు, సమయం 3 నిమిషాల 15 సెకన్లు.

అసలు పనితనం కడిగిన నెగెటివ్‌లో కనిపించే నారింజ రంగులో ఉంది. చిన్నప్పుడు నెగెటివ్‌ను వెలుగుకు పట్టి చూసి, అదేదో మరక అనుకునేవాళ్లం. మెజెంటా ఆకుపచ్చను ఆపాలి. కానీ కొంత నీలాన్నీ మింగేస్తుంది. అందుకని ఆ పొరలోని కప్లర్‌ను ముందే పసుపు రంగులో తయారుచేశారు. మెజెంటా పుట్టిన చోట ఆ పసుపు ఖర్చయిపోతుంది, పుట్టని చోట మిగులుతుంది. దాంతో నీలానికి అడ్డు అంతటా ఒకేలా ఉంటుంది, ప్రింటు వేసేవాడు ఫిల్టరుతో సరిచేసుకుంటాడు. సయాన్ పొరలోనూ ఇదే ఉపాయం, అక్కడి కప్లర్ ఎర్రగా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే నారింజ. కొడాక్ శాస్త్రవేత్త వెస్లీ హాన్సన్ 1940ల్లో కనిపెట్టిన ఈ సర్దుబాటును మించిన తెలివి ఫిలింలో ఇంకోటి లేదని నా లెక్క.

ఇన్నేళ్ల వనపర్తి ఎండాకాలాలు చూసిన రీలులో మూడు పొరలూ ఒకేలా మందగించవు. నీడల్లో రంగులు తేడా కొడతాయి, గరుకుదనం పెరుగుతుంది. అందుకే పదేళ్లకు ఒక స్టాప్ చొప్పున, అంటే రెట్టింపు చేసుకుంటూ, వెలుగు ఎక్కువ ఇవ్వడం వాడుక. 20 ఏళ్ల నాటి 100 స్పీడు రీలయితే మీటరును 25 మీద పెట్టండి. మంచి ఎండలో 1/125, ఎఫ్8. కలర్ నెగెటివ్ ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు. కాబట్టి మీటరును ఆకాశానికి కాదు, కోటగోడ నీడకు చూపించండి.