పన్నెండు అట్టలు, ఒక చిరునామా

పుస్తకాలకు అట్ట బొమ్మలు వేయడమే వృత్తిగా ఉన్న ఒక చిత్రకారిణి వెబ్‌సైటును ఈ మధ్య తీరిగ్గా పరిశీలించాను. తెరవగానే ఆర్భాటమేమీ ఉండదు. తెల్లటి పేజీ, పన్నెండు అట్టలు, పైన ఆమె పేరు, పేరు కింద ఒకే వాక్యం: ‘తెలుగు పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాను, అక్షరాలు రాస్తాను.’ తనకు కావలసిన మనిషి ఈమేనా కాదా అన్నది వచ్చిన ప్రచురణకర్తకు అక్కడే తేలిపోతుంది. మిగతా పనితనం మాత్రం ఒక్కో భాగం పట్టి చూస్తేగాని కనబడదు.

మొదట బొమ్మ సంగతి. ఏ4 కాగితం మీద వేసిన నీటిరంగుల చిత్రాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు ఉన్న ఫైలు వస్తుంది. అచ్చుకు అంత కావాలి. ఫోనుకు అది అనవసరపు బరువు. అందుకని ఆమె ప్రతి అట్టకూ 480, 960, 1600 పిక్సెళ్ల వెడల్పుల్లో మూడు ప్రతులు తీసి, మూడింటినీ పేజీ కోడులో చూపించింది. తెర వెడల్పు, సాంద్రత చూసుకుని తగినదాన్ని బ్రౌజరే తెచ్చుకుంటుంది. కొలతలు ముందే రాసి ఉంచడంవల్ల బొమ్మ వచ్చేలోపు దాని చోటు దానికి ఉంటుంది, చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోదు. పై వరుస అట్టలు వెంటనే దిగుతాయి. కిందివి మనం అక్కడికి చేరబోతున్నప్పుడు దిగుతాయి. పేజీలో అన్నిటికంటే పెద్ద అంశం రెండున్నర సెకన్లలోపు కనబడితే మంచిదని గూగుల్ పెట్టుకున్న కొలమానం. ఈ పేజీకి ఆ గడువంతా అవసరమే పడలేదు.

రంగు దగ్గర ఇంకా జాగ్రత్తపడింది. ప్రెస్సుకు వెళ్లే ఫైలు సీఎంవైకేలో, అంటే నాలుగు సిరాల లెక్కలో ఉంటుంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు పుట్టిస్తుంది. చాలామంది ప్రెస్సు ఫైలునే సైట్లో పెట్టేస్తారు. ఈమె మూల స్కాన్ దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి తెరలు మామూలుగా వాడే రంగుల లెక్క అయిన ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ఆ లెక్కను చెప్పే ప్రొఫైల్‌ను ఫైలులోనే ఉంచింది. ఇంకో రంగుల లెక్క అయిన అడోబీ ఆర్‌జీబీలో దాచిన బొమ్మకు ప్రొఫైల్ ఊడిపోతే బ్రౌజర్లు మామూలుగా దాన్ని ఎస్‌ఆర్‌జీబీ కిందే లెక్కేస్తాయి, రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. ఇక్కడ ఒక నవల అట్ట మీది పసుపు గోడను పెద్దది చేసి చూస్తే, రంగు ఆరినచోట ఏర్పడిన అంచులు, కాగితపు గరుకు కూడా తెలుస్తున్నాయి.

అట్టల కింది వివరాలు తెలుగులో ఉన్నాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకు తోడు ఇంకో ఒత్తు. ఇంగ్లీషుకు సరిపోయే ఎడమే ఇస్తే ‘రాష్ట్రం’ లాంటి మాట ఒత్తులు కింది వరుస గుడికి తగులుతాయి. ఆమె వరుసల ఎడాన్ని అక్షరం కొలతకు 1.8 రెట్లు చేసింది. పుస్తకాల పేర్లు బొమ్మల్లో ఇరుక్కోకుండా యూనికోడ్‌లో ఉన్నాయి కాబట్టి వెతికితే దొరుకుతాయి. చూపులేనివారికి ఫోను చదివి వినిపించే వర్ణన ప్రతి బొమ్మకూ ఉంది. ‘అట్ట 3’ అని సరిపెట్టలేదు, ‘ఒడ్డున బోర్లించిన తెప్ప, దాని మీద ఆరేసిన వల’ అని రాసింది.

లింకులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టింది. దీనికి కారణం తెలిశాక ముచ్చటేసింది. తెలుగు లింకును కాపీ చేస్తే తరచు శాతం గుర్తుల గొలుసుగా మారిపోతుంది. యూనికోడ్‌లో ‘తెలుగు’ అన్న మాటకు ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు. వెరసి 54! అలాంటి లింకును వాట్సాప్‌లో పంపితే తెరవడానికే జంకుతారు.

నాకు బాగా నచ్చినవి లోపలి పేజీలు. ప్రచురణకర్త ఏమడిగారు, చిత్తు బొమ్మలు ఎలా సాగాయి, ఏది ఎందుకు పక్కకు పోయింది అన్నవి వరుసగా ఉన్నాయి. ఒక కథల సంపుటికి వేసిన మొదటి బొమ్మ అందంగానే ఉంది. కానీ పేరు పెట్టడానికి అందులో ఖాళీ లేదు. ఆ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, మార్చిన బొమ్మను పక్కనే పెట్టింది. బొమ్మ వేయగలదని ఎవరికైనా తెలుస్తుంది, ఆలోచించగలదని ఇలాంటిచోటే తెలుస్తుంది. చివర్లో ముందట్ట, వెన్ను, వెనకట్ట కలిసిన పూర్తి అట్ట, అచ్చయిన పుస్తకం ఫొటో. లోపలి పేజీల కూర్పు ఎవరిదో వారి పేరే వేసింది.

ఇవన్నీ చూపించడానికి హక్కు కూడా కావాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం తీసుకుని ఒకరి కోసం వేసిన వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు. అందుకే పని మొదలుపెట్టకముందే ‘నా పనుల్లో చూపించుకోవచ్చు’ అన్న షరతు ఒప్పందంలో రాయించుకుంటుంది.

అట్టల వరుసలో అన్నిటికంటే మంచిది మొదట, దాని తర్వాతది చివర. నైపుణ్యాన్ని కొలిచినట్టు చూపే ‘ఫొటోషాప్ 90 శాతం’ లాంటి పట్టీలు ఎక్కడా లేవు. ఆ 90 దేనిలో 90 అన్నది ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు.

సంప్రదించే పేజీలో మూడే ప్రశ్నలు: పుస్తకం సైజు, పేజీల సంఖ్య, ఎప్పటికి కావాలి. పేజీల సంఖ్యా కాగితం మందమూ తెలిస్తేనే వెన్ను ఎంతో తేలుతుంది. అందుకని రెండో ప్రశ్న కిందే ‘70 జీఎస్ఎమ్మా, 80 జీఎస్ఎమ్మా?’ అని కాగితం రకాన్ని కూడా చిన్న అక్షరాల్లో అడిగింది. అవి తెలిస్తే ధర, తేదీ మొదటి జవాబులోనే ఇచ్చేయగలదు.