ముందు కుక్క వస్తుంది, తర్వాత నాయకుడు

ఆదివారం సాయంత్రం మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే ఫాంహౌస్‌ల గేట్లు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటాయి. రెండు రోజుల విడిది ముగించుకుని కార్లు పట్నం దారి పడతాయి. ఒక గేటులోంచి లాబ్రడార్ ఉరికొచ్చి, కారు వెంట కొంత దూరం పరుగెత్తి, మర్రిచెట్టు దగ్గర ఆగిపోతుంది. కారు కనుమరుగైనా దాని చెవులు అటే ఉంటాయి. ఇంజను చప్పుడు కూడా అణిగాక వెనక్కి తిరుగుతుంది. బంగళా మెట్లెక్కదు. వాచ్‌మన్ గది ముందు, పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంటుంది.

రసీదు ప్రకారం ఆ కుక్క కారులో వెళ్లినాయనది. సోమవారం నుంచి శుక్రవారం దాకా దానికి అన్నం కలిపి పెట్టేది వాచ్‌మన్ భార్య. మరి కుక్క ఎవరిది? కొన్నవారిదా, కడుపు నింపినవారిదా? లేక కారు పోయిన దిక్కునే నిలబడ్డ ఆ కొద్ది నిమిషాలు ఎవరికోసమో వారిదా? ప్రేమకథలు రాసేవాళ్లు మూడు వందల పేజీల్లో తేల్చడానికి తంటాలు పడే ప్రశ్న ఇదే. పెంపుడు కుక్క రచయితకు ఇచ్చేది తోక ఊపే ముద్దు పాత్రను మాత్రమే కాదు. నోరు తెరిచి చెప్పని ప్రేమ ఒంట్లో ఎక్కడెక్కడ బయటపడుతుందో అది రోజూ చూపిస్తుంది.

నన్నయ దగ్గర ఒకటి, తిక్కన దగ్గర ఒకటి

ఇది మనకు కొత్త పాఠమేమీ కాదు. నన్నయ ఆదిపర్వం తొలి ఆశ్వాసంలోనే సరమ అనే దేవశుని కనిపిస్తుంది. జనమేజయుడి యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న ఆమె బిడ్డను రాజు తమ్ములు తప్పు లేకుండానే కొడతారు. ఆ తల్లి నేరుగా రాజును నిలదీస్తుంది. కుక్కకు సారమేయం అన్న పేరు ఆ సరమ వల్లే వచ్చింది. అదే పర్వంలో ఏకలవ్యుడి విద్య లోకానికి తెలిసింది కూడా కుక్క వల్లే. పాండవుల వేటకుక్క నోటినిండా బాణాలతో తిరిగొచ్చాకే ఆ అడవిలో ఇంత గొప్ప విలుకాడు ఉన్నాడని అర్జునుడికి తెలుస్తుంది. మనిషి తెర మీదికి రాకముందే అతని నేర్పును కుక్క మోసుకొచ్చింది. పాత్రప్రవేశానికి ఇంత పదునైన ఉపాయం నేటి నవలల్లోనూ అరుదు.

ఇక తిక్కన ముగించిన చోట, మహాప్రస్థానంలో, తమ్ములూ భార్యా దారిలో ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. దాన్ని వదిలేస్తేనే స్వర్గమంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ కుక్క ఆయన పెంచుకున్నది కాదు. నమ్మి వెంట వచ్చింది, అంతే. ఆ 'అంతే'కు మళ్లీ వద్దాం.

శ్రీశ్రీ 'రుక్కులు'లో కుక్కపిల్లకూ కవిత్వంలో పీట వేశాడు. అయినా మన సామెతల్లో కుక్క బతుకు వేరు. తోక వంకరన్నాం, కాటుకు చెప్పుదెబ్బన్నాం. సామెత చేసిన ఈ అన్యాయాన్ని కథే సరిదిద్దాలి.

ఇంట్లో కుక్క, పుస్తకంలో మనిషి

పెంపుడు కుక్కలోంచి పాత్రను ఎత్తుకోవడంలో బ్రాంటీ అక్కచెల్లెళ్లది అందెవేసిన చెయ్యి. ఎమిలీ దగ్గర కీపర్ అనే భారీ మాస్టిఫ్, ఆన్ దగ్గర ఫ్లాసీ అనే స్పానియల్ ఉండేవి. 1848 డిసెంబరులో ఎమిలీ చనిపోతే కీపర్ కూడా అంతిమయాత్రలో నడిచింది. మరుసటి ఏడాది వెలువడిన షార్లెట్ నవల 'షర్లీ'లో టార్టర్ అనే కుక్క ఉంది. అది కీపరే. దాని యజమానురాలు షర్లీలో ఎమిలీ పోలికలున్నాయి. చెల్లెలి మొండితనం, మౌనం, ధైర్యం కాగితం మీదికి రావాలంటే ఆమె కుక్క కూడా పక్కన నడవాలని షార్లెట్‌కు తోచింది. మనిషిని గుర్తు చేసుకోవడానికి కుక్క దారి చూపింది.

అంతకు ముందు, 1847లో వచ్చిన 'జేన్ ఎయిర్'లో ఆమె చేసింది ఇంకా సొగసైన పని. మసక చీకట్లో, మంచు పేరుకున్న దారిలో జేన్ ఒంటరిగా ఉన్నప్పుడు మొదట వచ్చేది పైలట్ అనే కుక్క. ఆ తర్వాతే గుర్రం, గుర్రం జారితే కిందపడ్డ రోచెస్టర్. నవల చివర రోచెస్టర్ చూపు పోగొట్టుకుని కూర్చున్న గదిలోకి జేన్ తిరిగి వచ్చినప్పుడు ఆమెను ముందుగా పోల్చుకున్నదీ పైలటే. చూపులేని ప్రియుడి కన్నా ఒక్క క్షణం ముందు కుక్క ఎగిరి గంతేసింది. పాఠకుడి గుండె కూడా దాంతోపాటే గంతేస్తుంది.

చెహోవ్ వృత్తికి డాక్టరు. ఇంట్లో రెండు డాక్స్‌హుండ్‌లకు మందుల పేర్లే పెట్టుకున్నాడు: ఒకటి బ్రోమ్, రెండోది క్వినైన్. 1899లో ఆయన రాసిన 'కుక్కపిల్ల గల మహిళ'లో ఊరుకాని ఊళ్లో ఇద్దరు అపరిచితులకు మాట కలిపింది ఒక తెల్ల కుక్కపిల్ల. అతను ఆమెను పలకరించడు, కుక్కను పిలుస్తాడు. అది గుర్రుమంటుంది. ఆమె సర్దిచెప్పాల్సి వస్తుంది. ప్రేమ మొదలైంది. కుక్క పని అక్కడితో అయిపోలేదు. తర్వాత ఆమె ఊళ్లో అది మళ్లీ కనబడినప్పుడు, కంగారులో దాని పేరే అతనికి గుర్తురాలేదు.

ఇంగ్లీషు కవయిత్రి ఎలిజబెత్ బారెట్ కుక్క ఫ్లష్ సంగతి వేరు. ఆమె గదిలోకి కొత్తగా రాబర్ట్ బ్రౌనింగ్ అనే కవి రావడం దానికి నచ్చలేదు. ఆయన్ను కరిచింది. 1846లో ఆ ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకుని ఇటలీ వెళ్లిపోతే ఫ్లష్ కూడా వాళ్లతోనే వెళ్లింది. వర్జీనియా ఉల్ఫ్ 1933లో ఆ ప్రేమకథను ఆ కుక్క వైపు నుంచే రాసింది. ఫ్లష్‌ను ఆమె చూడలేదు. చూసింది తన ఇంట్లో తిరిగే పింకాను. అది స్నేహితురాలు వీటా సాక్‌విల్-వెస్ట్ కానుకగా ఇచ్చిన స్పానియల్. ఇంట్లో తిరిగిన ఆ కుక్కే వందేళ్ల నాటి కుక్కకు ప్రాణం పోసింది.

మన తెలుగువాళ్లు సొంతం చేసుకున్న శరత్ బాబు దగ్గరా భేలూ అనే నాటు కుక్క ఉండేది. 'దేవదాసు' రాసిన ఆ చేతే, దేవ్‌ఘర్‌లో గాలి మార్పుకు వెళ్లినప్పుడు తన వెంట తిరిగిన ఒక వీధికుక్క గురించి కూడా రాసింది. అక్కడ ఉన్నన్నాళ్లూ అది అతిథి. ఆయన రైలెక్కే రోజున ఆ అతిథి స్టేషను దాకా వచ్చింది. రైలు కదిలాక మిగిలే వెలితిని రాయడంలో శరత్‌ను మించినవాళ్లు తక్కువ. ఆ వెలితి పార్వతి గుమ్మంలోనూ ఉంది, ఆ స్టేషను బయటా ఉంది.

కుక్కను చూసి రాయడం ఎలా

ఈ రచయితలు పని చేసిన తీరు చూస్తే కొన్ని మెలకువలు దొరుకుతాయి.

మొదటిది, ఒంటిభాష. కుక్క 'నాకు బాధగా ఉంది' అనదు. పళ్లెం దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్లిపోతుంది. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు తోక కదలికను కొలిచి చూస్తే, యజమాని కనబడినప్పుడు అది కుడివైపు ఎక్కువగా ఊగుతోందనీ, బెదిరించే కొత్త కుక్క ఎదురైతే ఎడమవైపుకు మొగ్గుతోందనీ తేలింది. కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తే కండరం కుక్కల్లో బాగా ఎదిగిందనీ, తోడేళ్లలో అది దాదాపు లేదనీ 2019లో ఇంకో పరిశోధన చెప్పింది. మనిషి పక్కన వేల ఏళ్లు బతికి, ఆ జాలిచూపును సంపాదించుకుంది. ప్రేమకథ రాసేవారికి ఇందులో ఉన్న పాఠం చిన్నది: 'ఆమె అతన్ని ఆరాధిస్తోంది' అనే వాక్యం కొట్టేసి, అతని బండి చప్పుడుకు ఆమె చేతిలో గరిటె ఆగిందని రాయడం.

రెండోది, గొంతు. మనుషులతో ఒకలా, కుక్కతో ఇంకోలా మాట్లాడేవాళ్లు చాలామంది. ఆ రెండు గొంతుల మధ్య దూరమే ఆ మనిషి అసలు స్వభావం. నాయకుడు మంచివాడని పది వాక్యాల్లో చెప్పే బదులు, ఎవరూ చూడటం లేదనుకుని కుక్కతో అతను మాట్లాడే మాట ఒక్కటి వినిపిస్తే చాలు.

మూడోది, పేరు. బ్రోమ్, క్వినైన్ అన్న పేర్లు వింటే పెట్టినవాడు డాక్టరని తెలిసిపోతుంది. మన ఊళ్లలో టామీ, టైగర్, రాజు అని ఎందుకు పిలుస్తారో, రోమియో అని ఎవరు పిలుస్తారో కనిపెడితే ఆ ఇల్లు కనబడుతుంది.

నాలుగోది, కుక్కతో ఏం చేయించకూడదన్నది. పాఠకుడి కన్నీళ్ల కోసం దాన్ని చంపడం చవకబారు పని. అది మనిషిలా ఆలోచించి, ప్రేమికుల్ని కలపడానికి పథకాలు వేస్తే అప్పుడు అది కుక్క కాదు, తోలు కప్పుకున్న రచయిత. బంగళా గేటుకు 'కుక్కలున్నవి జాగ్రత్త' బోర్డులా హోదా కోసం కథలో కట్టేసినా అంతే. పైలట్ కుక్కగానే ఉండి రోచెస్టర్‌ను తీసుకొచ్చింది. అందుకే దాన్ని నమ్ముతాం.

మొయినాబాద్‌లో ఒక కథ కట్టి చూద్దాం

ఈ మెలకువల్ని ఈ నేల మీదే పరీక్షిద్దాం. మొయినాబాద్‌లో ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. పోలీసు జాగిలాలు అక్కడ తయారవుతాయి. పేలుడు పదార్థాల వాసన పట్టడం, మత్తు పదార్థాలు కనిపెట్టడం, నేరస్తుడి జాడ తీయడం నేర్చుకుంటాయి. కుక్కతోపాటు హ్యాండ్లర్ కూడా శిక్షణ పొందుతాడు. ఇద్దరూ ఒకరి తీరును ఒకరు నేర్చుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లలో చామంతి, బంతి, గులాబీ తోటలున్నాయి. తెల్లవారకముందే పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. చిలుకూరు బాలాజీ గుడికి ప్రదక్షిణలు చేసేవాళ్లు వస్తుంటారు. రోడ్డు పొడవునా వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణలో వాటిని నరకవద్దని జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు.

ఇప్పుడొక కల్పన. ఒక కానిస్టేబుల్ హ్యాండ్లర్, ఒక చామంతి తోట అమ్మాయి. వాళ్ల తోటలో ఒక నాటు కుక్క. అతను తన జాగిలంతో మర్రి నీడన ఆగాడు. తోటలోంచి నాటుది మొరుగుతూ వచ్చింది. జాగిలం కదల్లేదు. ఆ కదలకపోవడమే అతని పరిచయం. అమ్మాయి గంపతో వచ్చింది.

"కరుస్తదా సార్?"

"కరువదమ్మా. దానికి కోపమొస్తే నాకు ముందుగాల తెలుస్తది."

"మరి మీకు కోపమొస్తే?"

అతను జవాబు వెతుక్కున్నాడు. "దానికి తెలుస్తది."

ప్రేమ అన్న మాట ఎక్కడా రాలేదు. అయినా అతను తన కోపాన్ని ఒక మూగజీవికి అప్పగించి బతుకుతున్నాడని ఆ అమ్మాయికి తెలిసింది. కోపం గురించి అడగాలనుకుందంటే, ఆమె ఇంట్లో ఎవరి కోపమో ఉందని మనకు తెలిసింది. రెండు కుక్కల మధ్య తేడా రెండు జీవితాల మధ్య తేడా కూడా: ఒకటి ఆజ్ఞతో ఆగుతుంది, ఒకటి ఇష్టంతో అరుస్తుంది. నవల ముందుకు నడిచేకొద్దీ అతను కొంచెం అరవడం, ఆమె కొంచెం ఆగడం నేర్చుకోవాలి. ఒకనాటికి జాగిలం సర్వీసు ముగుస్తుంది. అతను దాన్ని వదిలి ఉండాలి. అప్పుడు అతను ఎలాంటి ప్రేమికుడో అసలు పరీక్ష.

ఏమిటి దీని విలువ

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్‌లో 1914లో ఒక సమాధి బయటపడింది. సుమారు 14 వేల ఏళ్ల నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక కుక్క ఉన్నారు. ఆ కుక్క పిల్లగా ఉన్నప్పుడు జబ్బు చేసి వారాల తరబడి బాధపడిందనీ, మనుషులు చాకిరీ చేయకపోతే బతికేది కాదనీ దాని పళ్లను పరిశీలించినవాళ్లు అంటారు. అప్పుడది వేటకు పనికొచ్చే స్థితిలో లేదు. అయినా ఎవరో నీళ్లు పట్టారు, వెచ్చగా ఉంచారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లకు ఒకరితో ఒకరికి ఏ బంధమో కూడా తెలియదు. పనికిరాని రోజుల్లో ఒక ప్రాణిని వాళ్లు వదల్లేదని మాత్రం తెలుసు.

ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర చేసింది అదే. ఆ కుక్క మీద ఆయనకు హక్కు లేదు, దానితో పని లేదు. నమ్మి వచ్చినదాన్ని వదలను అన్నాడు. ప్రేమకథకు ఎన్ని మలుపులు తిప్పినా చివరికి పాఠకుడు అడిగేది ఈ ఒక్క మాటే: నమ్మి వచ్చినవాళ్లను అతను వదిలాడా, ఆమె వదిలిందా?

చేవెళ్ల రోడ్డు మీద చీకటి పడుతుంది. పొయ్యి పక్కన పడుకున్న లాబ్రడార్‌కు వాచ్‌మన్ భార్య పళ్లెం పెడుతుంది. అది తింటుంది. తిన్నాక ఆమె కాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటుంది. పట్నం వైపు నుంచి ఏదో కారు వస్తున్న చప్పుడు వినబడి తల ఎత్తుతుంది. ఆ కారు ఆగకుండా వెళ్లిపోతుంది. ఆమె దాని తల మీద చెయ్యి వేస్తుంది. అతను శనివారం వస్తాడని కుక్కతో అంటుంది. ఆ మాట అనడానికి ఆమెకు ఏం ఖర్చయిందో రాయగలిగినవాళ్లు నవల మొదలుపెట్టవచ్చు.