తల్లిపాలు, హెచ్.ఐ.వి.: డర్బన్ లెక్క ఎంతవరకు నిలిచినది?

1985లో ఆస్ట్రేలియానుండి ఒక చిన్న నివేదిక వెలువడినది. కాన్పు అయిన తరువాత ఒక తల్లికి రక్తము ఎక్కించినారు. ఆ రక్తములో హెచ్.ఐ.వి. ఉన్నది. కొంతకాలమునకు ఆమె బిడ్డకు కూడ అది సోకినది. బిడ్డ కడుపులో ఉన్నంతకాలము తల్లికి ఆ వైరస్ లేదు. కనుక చనుబాలద్వారానే సోకి ఉండవలెనని వైద్యులు తేల్చినారు. ఆ వైరస్ ఉన్న తల్లులు పాలివ్వరాదని అదే ఏడు అమెరికాలో సలహా చెప్పినారు. శుభ్రమైన నీరు, డబ్బాపాలు కొనే స్తోమతు ఉన్నచోట ఆ సలహా చెల్లినది. ఆ రెండూ లేనిచోట పోతపాలు త్రాగే బిడ్డలను విరేచనములు, న్యుమోనియా బలిగొనుచుండగా, తల్లికి ఏమి చెప్పవలెను?

ఈ చిక్కుప్రశ్నకు ఊహించని సమాధానము చెప్పిన వ్యాసము 1999 ఆగస్టులో ల్యాన్సెట్ పత్రికలో వచ్చినది. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరములో అన్నా కౌట్సూడిస్, ఆమె తోటి పరిశోధకులు దీనిని వ్రాసినారు. వైరస్‌ను అణచే మందులు ఆ తల్లులకు అందని కాలమది. మూడు నెలల వయసునాటికి వైరస్ సోకినవారి లెక్క ఇట్లున్నది: చనుబాలు ఎన్నడూ త్రాగని 156 మందిలో 18.8 శాతము, చనుబాలతోపాటు నీళ్ళో, పోతపాలో, మరేదో కూడ తీసికొన్న 288 మందిలో 24.1 శాతము, చనుబాలు తప్ప చుక్క నీరైనా ఎరుగని 103 మందిలో 14.6 శాతము. హాని పాలవల్లకంటె పాలతో కలిపి పెట్టేవాటివల్ల హెచ్చుచున్నదని దీనినుండి రచయితలు సూచించినారు. పైపదార్థములు పసిపేగు లోపలి పొరను గాయపరచి వైరస్‌కు దారి ఇచ్చునని వారి ఊహ.

ఈ అంకెలను తరగతిలో నల్లబల్లపై వ్రాసి చూపదగును. 103లో 14.6 శాతమనగా సుమారు 15 మంది. అదే 24.1 శాతము అయినచో సుమారు 25 మంది. అనగా వాదమంతా పదిమంది పసివాండ్రపై నిలిచి ఉన్నది.

ఇంకొక విచిత్రమున్నది. తల్లిపాలు అసలు త్రాగని బిడ్డకు పాలద్వారా వైరస్ సోకదు. వారిలో కనబడిన 18.8 శాతము గర్భములోను, కాన్పు సమయమందును సోకినదే. పాలు త్రాగిన బిడ్డలకు ఆ రెండు ప్రమాదములు ఎట్లాగూ ఉండగా, పైన మూడవది చేరును. అట్టివారిలో అంకె 14.6కు ఎట్లు దిగినది? చనుబాలు, గర్భములో సోకిన వైరస్‌ను తుడిచివేయలేవు కదా! ఇది యాదృచ్ఛికమైనా కావలెను, లేదా ఆ గుంపులోని తల్లులు మొదటినుండి ఎక్కువ ఆరోగ్యవంతులైనా కావలెను. ఏ తల్లి ఏమి పెట్టవలెనో పరిశోధకులు చీట్లు వేసి నిర్ణయించలేదు; తల్లులే ఎంచుకొన్నారు. రొమ్ము వాచిన తల్లి, నలతపడిన తల్లి పోతపాలకు దిగుట సహజము. అప్పుడు కలిపి పెట్టుట కారణమా, జబ్బుకు గుర్తు మాత్రమేనా? ఇతర కారణములను సవరించిన పిమ్మట, కలిపి పెట్టినవారితో పోల్చితే ప్రమాదము 0.52 వంతు అని వ్యాసము చెప్పుచున్నది. కాని ఆ అంచనా 0.98 వరకు పోవచ్చునని కూడ ఒప్పుకొన్నది. 1 అయితే తేడా లేదన్నమాట. ఇంత సన్నని ఆధారమునకు శీర్షికలో “ప్రభావము” అన్న మాట కొంచెము బరువు.

అయినను ఈ వ్యాసమును తీసిపారవేయరాదు. దాని గొప్పతనము జవాబులో లేదు, విభజనలో ఉన్నది. అంతకుముందటి అధ్యయనములు అనేకము “పాలు త్రాగినవారు”, “త్రాగనివారు” అని రెండే గంపలు పెట్టినవి. తెలుగు ఇండ్లలో పుట్టిన బిడ్డకు తేనె నాకించుట, చక్కెరనీళ్ళు పట్టుట ఎరిగినవారికి మొదటి గంపలో ఎన్ని రకముల బిడ్డలు కలిసిపోయినారో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్షకు నిలిచినదా అంటే, చాలవరకు నిలిచినది. 2007లో కూవాడియా, కౌట్సూడిస్ మొదలైనవారు క్వాజూలూ-నేటాల్‌లో జరిపిన పెద్ద అధ్యయనము అదే పత్రికలో వచ్చినది. కేవలము చనుబాలు త్రాగిన బిడ్డలతో పోల్చితే, పాలతోపాటు ఘనాహారము పెట్టినవారికి ప్రమాదము సుమారు 11 రెట్లు. పోతపాలు కలిపినవారికి దాదాపు రెండు రెట్లు. మొదటి అంకెను చూచి మురియరాదు. దాని హద్దులు 1.5 నుండి 78 వరకు ఉన్నవి. అంతకంటె గట్టిది వేరొక అంకె. మూడు నెలలలో మరణించినవారు కేవలము చనుబాలపై ఉన్నవారిలో 6.1 శాతము, పోతపాలవారిలో 15.1 శాతము. 1999 నాటి వ్యాసము వైరస్ సోకినవారిని మాత్రమే లెక్కించినది. బ్రతికినవారిని లెక్కించలేదు. తల్లికి కావలసినది రెండవ లెక్కయే.

2006లో వెలువడిన బోట్స్‌వానా పరీక్షలో ఈ రెండు లెక్కలు ఎదురుబొదురుగా నిలిచినవి. అక్కడ ఎవరికి ఏ పాలో చీట్లు వేసినట్లే నిర్ణయించినారు. ఏడు నెలలనాటికి వైరస్ సోకినవారు పోతపాలవారిలో 5.6 శాతము, మందుతోపాటు చనుబాలు త్రాగినవారిలో 9.0 శాతము. మరణించినవారు వరుసగా 9.3, 4.9 శాతము.

తరువాత మందులే పరిస్థితిని మార్చివేసినవి. ఆఫ్రికా దేశములలోను, భారతదేశములోను జరిగిన ప్రామిస్ పరీక్ష ఫలితములు 2018లో వెలువడినవి. తల్లికో బిడ్డకో క్రమముగా మందు ఇచ్చుచు పాలు త్రాగించినప్పుడు, పన్నెండు నెలలలో వైరస్ సోకిన బిడ్డలు 0.6 శాతము మాత్రమే. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరు నెలలు కేవలము చనుబాలే మేలని మరల చెప్పుచు, తల్లి మందు వాడుచున్నచో ఇతర ఆహారము కలిసినదన్న కారణముచేత పాలు మాన్పించనక్కరలేదని కూడ చేర్చినది.