బొడ్డు మీద ఇంగువ, గొంతులో ఉత్తి గుటక

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం క్వార్టర్లలోని తెలుగిళ్లలో ఇంగువ వైద్యం తెలియనివాళ్లుండరు. 1955లో ఇక్కడ కరెంటు పుట్టిన నాటినుంచి ఉద్యోగాల కోసం కొండెక్కినవాళ్లు ఇంగువ, వాము డబ్బాలు కూడా వెంట తెచ్చుకున్నారు. పిల్లాడి పొట్ట ఉబ్బితే నాయనమ్మ గోరువెచ్చటి నీళ్లలో ఇంగువ రంగరించి బొడ్డు చుట్టూ రాస్తుంది, భుజాన వేసుకుని వీపు నిమురుతుంది. తేపు వచ్చిందంటే గండం గడిచినట్టే. ఇదంతా మనకు తెలిసిందే. మాటలు రాని, మేధోవైకల్యమున్న పదేళ్ల పిల్లాడి పొట్ట రోజూ ఉబ్బుతుంటే ఆసుపత్రి ఏమంటుందో అంతగా తెలియదు.

ఇంటి వైద్యం లెక్కలో వాయువు లోపల పుడుతుంది. తిన్నది అరగకో, మలబద్ధకం వల్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపాలి. ఆపుకోకూడని పదమూడు వేగాల్లో చరకసంహిత తేన్పునూ చేర్చింది. ఆసుపత్రి లెక్కలో మాత్రం ఆ గాలి బయటిది, పిల్లాడే మింగుతున్నాడు. నాయనమ్మ చెయ్యి పొట్ట మీదికి పోతే, డాక్టరు చూపు గొంతు మీదికి పోతుంది.

ఆ గొంతును కాసేపు చూడండి. నోట్లో మెతుకు ఉండదు. పెదాలు బిగుస్తాయి, గడ్డం కాస్త కిందికి దిగుతుంది, గుటక పడుతుంది. మళ్లీ ఇంకోటి. చుట్టాలొచ్చి ఇల్లు గోలగా ఉన్నప్పుడు కొందరికి ఎక్కువ, ఏమీ తోచక కూర్చున్నప్పుడు మరికొందరికి. 1966లో ఆండ్రియాస్ రెట్ వర్ణించిన రెట్ సిండ్రోమ్ అనే మెదడు ఎదుగుదల లోపం ఉన్న ఆడపిల్లల్లో ఈ అలవాటు తరచుగా కనిపిస్తుంది. నిద్రలో గుటకలు తగ్గుతాయి, గాలి కిందికి పోతుంది. అందుకే తెల్లారేసరికి పొట్ట దిగి, సాయంత్రానికి మద్దెలవుతుంది. పొట్ట జబ్బుల్ని గుర్తించడానికి పెద్ద డాక్టర్లు పాటించే రోమ్ ప్రమాణాల్లో, రోజు గడిచేకొద్దీ పెరిగే ఈ ఉబ్బరం గాలి మింగే అలవాటుకు ఒక ముఖ్య లక్షణం. నాయనమ్మ ఏ ప్రమాణమూ చదవకుండానే అదే మాట అంటుంది: "పొద్దున్న బాగానే ఉంటాడు బాబూ, పొద్దుగూకితేనే ఇలాగ."

మందుల విషయంలోనూ ఇద్దరిదీ ఒకటే ఇబ్బంది. సిమెథికోన్ చుక్కలు బుడగల్ని చిట్లిస్తాయి గానీ గుటకను ఆపవు. వామునీళ్లూ అంతే. పైగా మింగడం సరిగా రాని పిల్లాణ్ణి పడుకోబెట్టి నోట్లో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంటి వైద్యం మీద నాకెంత మమకారమున్నా ఈ ఒక్కటీ ఒప్పుకోను. అలాగే ఎక్స్‌రేలో గాలి నిండిన పేగుల్ని చూసి అడ్డంకి అనుకుని కత్తి పట్టే తొందరనూ ఒప్పుకోను. "మింగకు, మింగకు" అని గదమాయించడం రెండు చోట్లా ఉంది, రెండు చోట్లా దండగే.

పనికొచ్చేది ఓపిక. ఏ వేళ గుటకలు పెరుగుతున్నాయో వారం పాటు రాసుకోవడం, ఆ వేళకు ముందే చేతికి ఇష్టమైన పని ఇవ్వడం, నోరు తెరిచి పాడే పాటలోకో ఊదుడు ఆటలోకో దింపడం, ఎందుకంటే తెరిచిన నోటితో మింగడం కష్టం. నిటారుగా కూర్చోబెట్టి నిదానంగా తినిపించాలి. స్ట్రా, సోడా మానిపించాలి. మలబద్ధకం, ముక్కు దిబ్బడ ఉంటే వాటినీ చూడాలి. మరీ ముదిరితే ఆసుపత్రివాళ్లు గొట్టం వేసి పొట్టలోని గాలి తీస్తారు. చూడబోతే నాయనమ్మ భుజం చేసే పనే ఆ గొట్టమూ చేస్తోంది. కానీ పొట్ట రాయిలా బిగిసి, పచ్చటి వాంతులై, గాలి పోవడం ఆగిపోతే పేగు మెలిపడి ఉండవచ్చు. అప్పుడు ఇంగువ వెతుక్కోకుండా బండెక్కాలి.

మేధోవైకల్యం కోసమే 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉన్నది ఎక్కడో సికింద్రాబాద్‌లో. పెద్దాసుపత్రి కోసం కొరాపుట్ పోవాలన్నా విశాఖ దిగాలన్నా ఘాట్ రోడ్డే. బయల్దేరేముందు ఫోన్లో రెండు వీడియోలు తీసుకోండి. ఒకటి పొద్దున్నే దిగిన పొట్టది, రెండోది సాయంత్రం గుటకలది. నాయనమ్మను కూడా తీసుకెళ్లండి.